బండ చెయ్యి

రాయి కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని వచ్చి పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు గిన్నెలో పడింది.

అరచేతి మందం నాపరాయి ముక్క. తాండూరులో కోపం వచ్చినవాడు రాయి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఊరంతా అదే.

పప్పు చింది సత్యమ్మ మెడ మీద పడింది. ఆమె కేక వేయలేదు. పెద్దకొడుకు రెండు కాళ్లూ వాటేసుకుని నేల మీద కూర్చుని ఉంది. కేక వేస్తే పట్టు జారుతుందని పళ్లు కరుచుకుంది.

"ఇడువమ్మా! ఇడుస్తవా లేదా?"

రాఘవేంద్ర చేతిలో షట్టరు దించే ఇనుప కొక్కెం ఉంది. పొద్దున తన మందుల దుకాణం అద్దాలు పగిలినప్పుడు చేతికి దొరికింది అదొక్కటే. చొక్కా కుడి చెయ్యి భుజం దాకా చినిగి వేలాడుతోంది.

"పోతే సంపుతరు కొడుకా. నల్గురున్నరు."

"నల్గురుంటే నాలుగు శవాలు లేస్తయ్. నా దుకాణం మీద చెయ్యేస్తరా!"

వీధిలోంచి సాజిద్ గొంతు లేచింది. "రాఘన్నా! బయటికి రా! మా బావ చెయ్యి మాకియ్యి! దొంగ మందు పూసి చెయ్యి తిన్నవ్ గదరా!"

దాని వెనకే ఇంకో గొంతు. "ఆ డాక్టరమ్మని పంపుర్రి! నిన్న అన్న మాట వాపస్ తీస్కోవాలె! అందరి ముందట!"

ఆ డాక్టరమ్మ ఈ ఇంటి చిన్న కోడలు వినీత. వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడి ఉంది. పక్కన భర్త గిరీష్ ఫోన్ తీశాడు.

"పోలీసులకు చేస్త అన్నా."

"చెయ్యి. చేసి దుకాణంల ఏమున్నదో దగ్గరుండి చూపియ్యి వాళ్లకు. అకల్ లేదురా నీకు?"

గిరీష్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

రెండో రాయి గోడకు తగిలింది. రాఘవేంద్ర తల్లిని విదిలించుకున్నాడు. సత్యమ్మ వెళ్లి ఉప్పు డబ్బా మీద పడింది. ఆయన కొక్కెం పారేసి, భుజం మీది తువ్వాల ఎడమ చేతికి అడ్డం పెట్టుకుని, కుడి చేతికి ఏ అడ్డమూ లేకుండా, కుతకుత ఉడుకుతున్న గిన్నెను పొయ్యి మీంచి ఎత్తాడు. రాయితో సహా కిటికీలోంచి వీధిలోకి దులిపాడు.

బయట ఎవరో అరిచారు. ఆ అరుపు చాలాసేపు సాగింది.

గిన్నె పట్టుకున్న చేతి వంక ఎవరూ చూడలేదు. ఈ ఇంట్లో అది వింత కాదు. రాఘవేంద్రది బండ చెయ్యి. పదిహేనేళ్లప్పుడు తండ్రి మొగులప్ప చచ్చిపోతే బడి మానేసి బండల పాలిష్ మిషన్ దగ్గర చేరాడు. పొద్దంతా నీళ్లు, రాతి బురద, పొడి. ఆ చెయ్యి తమ్ముణ్ణి చదివించింది. తర్వాత ఒక డాక్టరు దగ్గర కట్లు కట్టింది, సూదులు వేసింది, చివరికి సొంత దుకాణం తెరిచింది. ఇప్పుడు ఊళ్లో సగం మందికి ఆయనే రాఘన్న డాక్టర్. చుట్టాలొచ్చినప్పుడు పెనం మీది రొట్టెను ఉత్త చేత్తో తిప్పి చూపిస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. పెళ్లయి వచ్చిన నాలుగేళ్లుగా వినీత కూడా నవ్వుతూ కొడుతూనే ఉంది.

రాఘవేంద్ర గిన్నెను నేలకేసి కొట్టి ఆమె వైపు తిరిగాడు.

"సంబురమైందా?"

వినీత పగిలిన కిటికీ వంక చూసింది.

"నిన్నే. నా కండ్ల ముందట దుకాణం కూలగొట్టిస్తివి. ఇంటి మీదికి మందిని దెస్తివి. కడుపు సల్లగైందా?"

నిన్న జరిగింది ఈపాటికి తాండూరులో తెలియనివాడు లేడు. బంట్వారం అవతల పల్లెలో ఆమె పనిచేసే సర్కారు దవాఖానకు సాజిద్ బావ ముక్తార్ వచ్చాడు. బండల మిషన్ మీద పన్నెండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ముంజేతి మీద పాలిపోయిన మచ్చ, చిటికెన వేలూ దాని పక్క వేలూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. "తామర డాక్టరమ్మా, తగ్గుతది, మల్ల వస్తది," అన్నాడు. చెయ్యి మొద్దుబారిందని అతను చెప్పనే లేదు. బండల మిషన్ల దగ్గర అది రోగం కాదు, గొప్ప. చెయ్యి బండబారితేనే పనోడు అంటారక్కడ. ముక్తార్‌కు తిమ్మిరి మొదలైనప్పుడు తోటివాళ్లు భుజం తట్టి చాయ్ తాగించారట.

మూడు నెలల కింద అయితే వినీత కూడా తామరనే రాసి పంపేది. చదివిన ఐదున్నరేళ్లలో ఆమె చర్మం వార్డులో తిరిగింది పదిహేను రోజులు. అందులో సగం సంతకాల కోసం. ఇప్పుడు నెలకో బుధవారం వికారాబాద్‌లో పల్లె డాక్టర్లకు మళ్లీ చదువు చెబుతున్నారు. కొన్నాళ్లు కన్ను, కొన్నాళ్లు చెవి, ఇప్పుడు చర్మం. చెప్పేది జ్యోతిరాణి మేడమ్. డెబ్బై దాటిన మనిషి. తెర మీద బొమ్మలు వేయదు, పేషంట్లను తెచ్చి ఎదురుగా కూర్చోబెడుతుంది.

"మచ్చను కండ్లతోని చూసి పేరు పెట్టకుర్రి. ముట్టి అడుగుర్రి. పేరు చెప్పేముందు లేచి తలుపు మూయుర్రి," అనేది ఆమె. ప్రతి క్లాసులోనూ అనేది.

వినీత మొదటిది గుర్తుపెట్టుకుంది. ముక్తార్‌ను కళ్లు మూసుకోమని దూదితో ముట్టింది. మచ్చ మీద ఎన్నిసార్లు ముట్టినా అతనికి తెలియలేదు. తను నేర్చుకున్నది నిజమైందన్న ఊపులో రెండోది మరిచిపోయింది. తలుపు బార్లా తెరిచే ఉంది. బయట వరుసలో నలభై మంది.

"ఇది కుష్ఠు," అంది పైకే.

పొద్దుగూకేసరికి మిషన్ దగ్గరికి రావద్దన్నారు ముక్తార్‌ను. ఇంటి ఓనరు సామాను వాకిట్లో పెట్టించాడు. కూతురు నూరీన్ నీళ్లకు పోతే బోరు దగ్గర బిందె తన్నేశారు. ఐదున్నరేళ్లు చదివిన మనిషి ఒక్క మాటతో ఒక కుటుంబాన్ని వీధిలో పడేసింది. చెడు ఉద్దేశం లేదు. చెడు ఉద్దేశం లేకుండా చేసిన పాడు పనులకు ఈ లోకంలో లెక్కే లేదు, శిక్షా లేదు.

"చెప్పవేమే?" రాఘవేంద్ర ఒక అడుగు దగ్గరికి వచ్చాడు.

"బావా, తలుపు తీసిపెట్టి ఆ మాట అన్నది నా తప్పు. దానికి సాజిద్ కాళ్లు వట్టుకోమన్నా వట్టుకుంట. కానీ రోగం అదే. తామర కాదు."

"వారం పూస్తే తగ్గింది గదా! నీతోని అనలేదా వాడు?"

"ఎరుపు తగ్గింది. రోగం తగ్గలే. మీరు మూడు ట్యూబులు కలిపి డబ్బాల పోసి ఇస్తుండ్రు చూడుర్రి, అండ్ల ఒకటి స్టెరాయిడ్. ఏడాది సంది పూసిండు. అది మీద మీద సాపు జేస్తది, లోపల నరం కాలిపోతనే ఉంటది."

"స్టెరాయిడ్ మందు గాదా? మీ దవాఖానల ఇయ్యరా?"

"ఇస్తం. ఆ నరం వాపు తగ్గాలంటే ముక్తార్‌కు అదే గోళీలు ఇయ్యాలె. రోగం మందుతోని కలిపి, తూకం చూసి. నడుమల ఎవ్వరూ ఆపొద్దు. మీరు మీద పూసి దాచిపెట్టిండ్రు."

"ఓహో. నాకు పాఠం చెప్తున్నవ్." ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూసి సత్యమ్మ లేవబోయింది. "దుకాణం పేరు రాసినవా దవాఖాన కాగితంల?"

"రాసిన."

"నా పేరు?"

"ఏ మందు వాడిండో, ఎవరిచ్చిండ్రో రాయాలె బావా. అదే మందు ఇంకెంతమంది పూస్తుండ్రో వెతకాలె."

దెబ్బ ఎడమ చెంప మీద పడింది. తల వెళ్లి గుమ్మానికి కొట్టుకుంది. పెదవి చిట్లింది.

సత్యమ్మ చీర కొంగుతో మెడ మీది పప్పు తుడుచుకుంటూ నేల వంక చూసింది. గిరీష్ తన చెప్పుల వంక చూశాడు. మనిషిని కొట్టిన చెయ్యి ఒక్కటే, ఆ చేతికి కాపలా కాసిన మౌనాలు రెండు.

"గిరీష్," అంది వినీత. నోట్లో రక్తం ఉప్పగా ఉంది. "నువ్వేం అనవా?"

"అన్న కోపంల ఉన్నడు వినీతా."

"నాకు కనవడ్తున్నది."

"మేం ఈ రోజుకు ఇట్లున్నమంటే అన్న చెయ్యి..."

"ఆ చెయ్యే ఇప్పుడు నా మొగం మీద వడ్డది. నువ్వేం అనవా అని అడిగిన."

గిరీష్ ముందుగదిలోకి నడిచాడు. గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది.

రాఘవేంద్ర మేకుకు వేలాడుతున్న ఆమె సంచిని లాగి బోర్లించాడు. దూది చుట్ట, మందుల పట్టీలు, వికారాబాద్ క్లాసు నోటుబుక్కు నేల మీద పడ్డాయి. నోటుబుక్కు అందుకుని అట్ట నడిమికి చీల్చాడు. "గీ బుధవారం చదువులు బంద్. ఆడ ముసల్ది ఏం మంత్రమేసిందో గానీ, మొగుని ఇంటినే కూలగొట్టే తెలివి వచ్చింది నీకు. ఈడ మంది నా కాళ్లు మొక్కుతరు, ఎర్కనా? పట్నంల వేలు వోసినా తగ్గనిది రాఘన్న డబ్బాతోని తగ్గిందంటరు!"

"డబ్బా బంద్ చేసిన నెలకు మల్లెందుకు వస్తరో అడిగిండ్రా ఎప్పుడన్న?"

ఆయన చెయ్యి మళ్లీ లేచింది.

"అన్నా, ఆగు!" గిరీష్ ముందుగది తలుపులో నిలబడి ఉన్నాడు. అతని వెనక సాజిద్.

సాజిద్ ఒక్కడే, మిగతా ముగ్గురూ బయటే ఆగారు. ముక్తార్ బామ్మర్ది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా పప్పు పడి తోలు ఊడివచ్చింది. పళ్ల మధ్య గాలి పీలుస్తున్నాడు.

రాఘవేంద్ర కొక్కెం అందుకునేలోపు సాజిద్ వచ్చి మీద పడ్డాడు. ఇద్దరూ ముందుగదిలోకి దొర్లారు. కుర్చీ విరిగింది. సాజిద్ తలతో కొట్టాడు. రాఘవేంద్ర అతని కాలిన భుజాన్నే వెతికి పట్టుకుని పిండాడు. సాజిద్ అరుస్తూనే ఆయన మెడ పట్టుకున్నాడు. ఇద్దర్నీ విడదీయబోయి గిరీష్ పొట్టలో తన్ను తిన్నాడు. సత్యమ్మ బిందెడు నీళ్లు తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించింది.

"సావుర్రి! ఇద్దరు సావుర్రి! ఒక్క గుంతల పెడ్త!"

నీళ్లు కారుతూ ఇద్దరూ చెరో మూలకు జరిగారు. వినీత చెంబుతో చల్లనీళ్లు తెచ్చి సాజిద్ భుజం మీద పోసింది. అతను తోసేశాడు.

"ముట్టకు. నువ్వు ముట్టినంకనే మా బతుకు ఆగమైంది."

"కాలింది సాజిద్. నీళ్లు పడాలె."

"నా భుజం కాలితే తగ్గుతది. నువ్వన్న మాట తగ్గుతదా? మా అక్క సైరా పిల్లను దీస్కొని దర్గా అరుగు మీద కూసున్నది. నూరీన్‌ను ఎవడు చేసుకుంటడు రేపు? మా బావ పొద్దుగాల నుంచి తిన్లే. గోళీల పట్టీ ఇచ్చినవ్ గదా, మోరీల పారేసిండు. ఆ గోళీ మింగితే రోగం ఒప్పుకున్నట్టంట."

"ఎన్ని మింగిండు?" వినీత గొంతు మారింది. "నా ముందట మింగినయి గాక ఇంకేమన్న మింగిండా?"

"ఒక్కటి గూడ లేదు."

గిరీష్ గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "అన్నా, సాజిద్ భాయ్‌తోని మాట్లాడిన. దీంతోని అయిపోతది. నేనే రాసిన. చదువుత ఇనుర్రి." గబగబా చదివాడు. ముక్తార్‌కు ఉన్నది తామర మాత్రమే. పరీక్షలో పొరపాటు జరిగింది. ఆయనకు అంటురోగం ఏదీ లేదు. కింద డాక్టర్ వినీత అని, సంతకానికి ఖాళీ.

"దీన్ని సాజిద్ మిషన్ల కాడ చూపిస్తడు, ఓనరుకు చూపిస్తడు. దుకాణం సంగతి ఇంక ఎత్తరు. ఈడికి ఖతం."

సాజిద్ రాఘవేంద్ర వంక చూశాడు. రాఘవేంద్ర సాజిద్ వంక చూశాడు. క్షణం కింద ఒకరి గొంతు ఒకరు పిసికినవాళ్లు. ఇద్దరూ ఒకేసారి వినీత వైపు తిరిగారు.

"పెట్టు," అన్నాడు రాఘవేంద్ర.

"పెట్టు డాక్టరమ్మా," అన్నాడు సాజిద్. అతని గొంతులో ఏడుపు ఉంది. "నీకేం పోతది? జర సంతకం పెట్టు."

వినీత కాగితం తీసుకుంది. భర్త చేతిరాత గుండ్రంగా, ముచ్చటగా ఉంది. అన్న రాళ్లు మోసి చదివించిన చేతిరాత.

"ఇది ఎప్పుడు రాసినవ్ గిరీష్?"

"పొద్దుగాల."

"అంటే నీ అన్న నన్ను కొట్టకముందే."

"వినీతా, ఇల్లు నిలవడాలె గదా."

"సాజిద్, ఇను. మీ బావ వేళ్లు వంకరవోయి నాలుగు నెలలే అయింది. ఆరు నెలల లోపట మందు వడితే లేచే వేళ్లు అవి. అన్నం కలుపుకుంటడు, మిషన్ పడ్తడు, పిల్లను ఎత్తుకుంటడు. గోళీ మొదలువెట్టినంక కొద్ది రోజులకే ఎవ్వరికీ అంటదు గూడ. నేను దీని మీద సంతకం పెడితే నువ్వు ఓనరుకు చూపిస్తవ్, ఇల్లు దొరుకుతది. మీ బావ సంబురంగ మందు బంద్ చేస్తడు. రెండు నెలలకు వేళ్లు అట్లనే కొయ్యబారుతయ్. అప్పుడు ఏ కాగితం పట్టుకొని వస్తవ్ నా దగ్గరికి?"

సాజిద్ చూపు ఆమె చేతిలోని కాగితం మీదే ఉంది.

"నేను వస్త మీ గల్లీకి. అందరి ముందట మీ బావ పక్కపొంటి కూసోని అన్నం తింట. నేన్ చేసిన తప్పు అది, దాన్ని నేన్ దిద్దుకుంట. రోగం లేదని మాత్రం రాయను."

ఆమె కాగితాన్ని రెండుగా చింపింది. నాలుగుగా చింపింది.

"నీ యవ్వ!" రాఘవేంద్ర పిడికిలి ఊగింది. వినీత తల తప్పించింది. ఆ పిడికిలి గోడకున్న మొగులప్ప ఫోటో అద్దంలోకి దిగింది. అద్దం పగిలి, ఫోటో ఊడి, దండతో సహా కింద పడింది.

"అయ్యో నాయనా!" అని సత్యమ్మ భర్త ఫోటో మీద పడి ఏరుకోసాగింది.

"నా ఇంట్ల ఉండి, నా అన్నం తిని, నా మీదనే రాస్తవా?" రాఘవేంద్ర అదే చెయ్యి ఆమె ముఖం మీదికి ఆడిస్తున్నాడు. రక్తం గోడ మీద, గిరీష్ చొక్కా మీద, ఆమె నుదుటి మీద చిలుకుతోంది. "పోయి చెప్పుకో నీ వికారాబాద్ ముసల్దానికి! సీలేయించు దుకాణం! నేన్ మల్ల బండలు మోస్త! ఈ చెయ్యి ఉన్నన్ని రోజులు నాకేం ఫికర్ లేదు! ఈ చెయ్యి..."

"అన్నా," అన్నాడు సాజిద్.

"నువ్వు నోర్మూయ్!"

"అన్నా, నీ చేతిల అద్దం ఉంది."

రాఘవేంద్ర ఆగాడు. చెయ్యి తిప్పి చూసుకున్నాడు. చిటికెన వేలి కింద, అరచేతి అంచున, బొటనవేలంత అద్దం పెంకు నిలువునా దిగి ఉంది. ఇంతసేపూ దాన్నే ఆడించాడు. దాన్నే పిడికిలి బిగించాడు.

"అరే," అన్నాడు. పక్కవాడి చొక్కాకు అంటిన గడ్డిపరకను తీసినట్టు దాన్ని పీకి కింద పడేశాడు. ముఖంలో ఒక్క నరం కదల్లేదు. "బండ చెయ్యి," అని నవ్వబోయాడు.

ఎవరూ నవ్వలేదు.

సాజిద్ తన కాలిన భుజం వంక చూసుకున్నాడు. గాలి తగిలినా ప్రాణం పోతోంది. మళ్లీ ఆ పెద్దమనిషి చెయ్యి వంక చూశాడు. "మా బావది గూడ..." అని ఆపేశాడు.

వినీతకు పప్పు గిన్నె గుర్తొచ్చింది. ఎడమ చేతికి తువ్వాల. కుడి చేతికి ఏమీ లేదు. చాయ్ గ్లాసు ఎప్పుడూ కుడి చేత్తోనే. పెనం మీద రొట్టె కుడి చేత్తోనే. నాలుగేళ్లు. ఈ ఇంట్లో కూర్చుని, డాక్టరు చదువు చదివి, నాలుగేళ్లు ఆమె చప్పట్లు కొట్టింది. రెండు చేతులతో బండలు మోసినవాడికి ఒక్క చెయ్యే ఎట్లా బండబారుతుంది?

చినిగిన చొక్కాలోంచి మోచెయ్యి కనిపిస్తోంది. పైన పాలిపోయిన మచ్చ. తన డబ్బాలోని తెల్ల మందే పూసి పూసి, ఉల్లిపొర లాగా పలచబడి మెరుస్తున్న తోలు.

"అది ఎన్ని రోజుల నుంచి పూస్తుండ్రు బావా?"

"ఏంది? అదా? బండ మచ్చ. ఎప్పటిదో."

వినీత వెళ్లి వీధి తలుపు మూసింది. గొళ్లెం పెట్టింది. కిటికీ రెక్కలు దగ్గరికి లాగింది. ఈసారి మరిచిపోలేదు. ఒక్క సాజిద్‌నే బయటికి పంపలేకపోయింది. అతను చూసేశాడు.

వంటింట్లో నేల మీద దొర్లిన దూది చుట్టను తీసుకుని వచ్చింది. మొదట గుడ్డతో గాయాన్ని బిగించి కట్టింది. రాఘవేంద్ర ఎందుకో చెయ్యి లాక్కోలేదు.

"కూసోర్రి."

"ఏం నాటకం ఇది?"

"మీరు గెలిస్తే నేను రాసిందంత చింపేస్త. బుధవారం క్లాసు గూడ బంద్ చేస్త. కూసోర్రి."

ఆ మాట ఆయనకు నచ్చింది. విరగని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సత్యమ్మ ఫోటో గుండెకు ఆనించుకుని నేల మీంచి చూస్తోంది. ఆమెకు ఏం అర్థమైందో గానీ కొడుకు కుర్చీ దగ్గరికి జరిగింది.

వినీత దూదిని పుల్లలా పేని చూపించింది. "కండ్లు తెరిచే ఉండుర్రి. ఇట్ల ముడ్త. ముట్టినకాడల్లా రెండో చేతి వేలు పెట్టి చూపియ్యాలె. సమజైందా?"

"చిన్నపిల్లగాన్ని అనుకుంటున్నవా?"

"ఇప్పుడు మూసుకోర్రి."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ముందు ఎడమ చెయ్యి.

"ఈడ," అన్నాడు వెంటనే. "ఈడ. గీ వేలు మీద. ఈడ." నాలుగింటికి నాలుగు. గిరీష్ గట్టిగా ఊపిరి వదిలాడు. రాఘవేంద్ర కళ్లు మూసుకునే నవ్వాడు. "చూస్తివారా తమ్మీ? రాయి మనిషిని నేను. ఆపింది చాలు, ఆ చెయ్యి గూడ కానియ్యి."

వినీత కుడి చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. కాలిన పాత మచ్చలు, చీరుకున్న పాత గాట్లు. ఏ ఒక్కదానికీ ఈ మనిషి అయ్యో అని ఉండడు.

మోచేతి మచ్చ మీద ముట్టింది. కట్టుకు పైన ముంజేతి మీద ముట్టింది. చిటికెన వేలి కొన మీద. దాని పక్క వేలి మీద. మళ్లీ మచ్చ మీద, ఈసారి కొంచెం ఒత్తి.

సాజిద్ పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. ఐదు.

గిరీష్ వచ్చి అన్న కుర్చీ వెనక నిలబడ్డాడు.

రాఘవేంద్ర కళ్లు మూసుకునే ఉన్నాడు. ముఖంలో ఇంకా ఆ గెలుపు నవ్వు ఉంది. ఎడమ చేతి వేలు గాల్లో సిద్ధంగా నిలబడి ఉంది, చూపించడానికి.

"ఊఁ," అన్నాడు విసుగ్గా. "ఇంకెంతసేపు? షురూ చెయ్యి."

వీధి తలుపు మీద ధబధబ దెబ్బలు పడ్డాయి. "సాజిద్! ఏమైంది లోపట? ఏం చెప్తున్నరు? తలుపు తియ్యమంటవా, పగలగొట్టాల్నా?"

సాజిద్ వినీత చేతిలోని దూది వంక చూశాడు. ఇంకా కళ్లు తెరవని మనిషి వంక చూశాడు. కాలిన చేత్తోనే గొళ్లెం పట్టుకుని, వీధిలోని మందికి జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు.